డోలు ఒకరిది, మేళం ఒకరిది

మా ఇంట్లో ఇప్పుడు ఇత్తడి సామాను ఒక్క చెంబే మిగిలింది. తక్కినవన్నీ కోడళ్ళు స్టీలు గిన్నెలకు మార్చుకున్నారు, నేను వద్దనలేదు. ఆ ఒక్క చెంబును మాత్రం ప్రతి శుక్రవారం పెరట్లో పీట వేసుకుని నేనే తోముకుంటాను. నానిన చింతపండు ఇత్తడి మీద రుద్దగానే చిలుము కలిసిన పుల్లటి వాసన ఒకటి లేస్తుంది. ఆ వాసనకి నాకు వంటిల్లు గుర్తురాదు, పూజగది గుర్తురాదు. బరంపురంలో మా ఇంటికి ఎదురుగా ఉండే ఖాళీ జాగా, అక్కడ గోనెపట్టాల మీద బారులు తీర్చిన బాకాలు, వాటిని బూడిదతోనూ చింతపండుతోనూ తోముతూ కూర్చునే మేళగాళ్ళు గుర్తొస్తారు. గుర్తురావడం వరకే. దాని వెనక సంతోషమో దుఃఖమో వస్తుందేమోనని చాలా ఏళ్ళు చూశాను. ఏదీ రాలేదు. చెంబు కడిగి బోర్లించి లేచిపోతాను.

అప్పటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మా నాన్నకు పెద్దబజారులో పసుపు, బెల్లం, చింతపండు టోకు కొట్టు. తాతల కాలం నుంచీ అక్కడే ఉన్న కోమట్లం కాబట్టి ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, కోపం వస్తే రెండూ మాట్లాడేవాళ్ళం. ఎండాకాలం వస్తే వీధంతా పనసపండ్ల వాసన. జిగురు అంటకుండా చేతికి నూనె రాసుకుని అమ్మ తొనలు ఒలుస్తుంటే, మేము పిక్కలు ఏరి పొయ్యిలో కాల్చుకుని తినేవాళ్ళం. తొలి వానలకు ఒడియా వాళ్ళ రొజొ పండుగ వచ్చేది. పక్కింటి ఒడియా పిన్ని, మేము మావుసీ అనేవాళ్ళం, వాళ్ళ పెరట్లో ఉయ్యాలలు, బియ్యప్పిండి అరిటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన పొడొపిఠా, దాని మాడిన అంచు కోసం పిల్లల కొట్లాటలు. కార్తీకంలో తెల్లవారుజామున చన్నీళ్ళు, మాఘం రాగానే నువ్వుల ఉండలు, అరిసెలు, వాటితోపాటే పెళ్ళిళ్ళు. పెళ్ళిళ్ళ నెలల్లో మా వీధికి నిద్ర తక్కువ. ఊరేగింపు ఏదైనా మా వీధిలోంచే పెద్దబజారుకు తిరగాలి. దూరాన బాకా వినిపిస్తే చాలు, పక్కింటి పిల్లలు "బాజా ఆసిలా!" అని అరిచేవాళ్ళు, మేము "మేళం వొచ్చింది!" అని అరిచేవాళ్ళం, చేతిలో ఏముంటే అది పట్టుకుని అందరం అరుగుల మీదికి పరిగెత్తేవాళ్ళం. రామయ్యపట్నం నుంచి ఎండుచేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు కూడా గంపలు దించుకుని నిలబడి చూసేవాళ్ళు. ఆ వాసనకి మా అమ్మ ముక్కు మూసుకునేది గాని, మేళం వెళ్ళేదాకా లోపలికి వెళ్ళేది కాదు.

ఊళ్ళో మేళాలు మూడు. మొదటిది శ్రీకృష్ణ బ్యాండు మేళం, రెండోది శ్రీ బాలకృష్ణ బ్యాండు మేళం, మూడోది శ్రీ జయకృష్ణ బ్యాండు మేళం. కోట్లు మూడింటివీ ఎర్రవే. జరీతాళ్ళూ అవే, టోపీలూ అవే. ముందు నడిచేవాడి చేతిలో కర్ర కూడా ఒకేలా తిరిగేది. బయటూరి వాళ్ళు ఒకరికి కబురు పెట్టి ఇంకొకరిని వెంటబెట్టుకుపోవడం, తీరా విడిదిలో దిగాక "మీరు వాళ్ళు కారా!" అని నోరు వెళ్ళబెట్టడం ప్రతి ఏడాదీ ఉండేదే. మూడో మేళం సంగతి నాకంతగా తెలియదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మా నాన్న తీసిపారేసేవాడు. తిరకాసంతా మొదటి రెండింటితోనే.

నిజానికి ఆ రెండూ ఒకే మేళం. అప్పలస్వామి మేస్త్రి బతికున్నంత కాలం ఊళ్ళో శ్రీకృష్ణ మేళం ఒక్కటే ఉండేది. ఆయన పోయిన ఏడాది తిరక్కుండానే కొడుకులు రామ్మూర్తి, సూరి విడిపోయారు. ఆ పంపకం మా ఎదురు జాగాలోనే జరిగింది. పెద్ద డోలును మధ్యలో పెట్టి, చుట్టూ కులపెద్దలు కూర్చున్నారు. దాని చర్మం మీద మేళం పేరు ఎర్రరంగుతో గుండ్రంగా రాసి ఉండేది. డోలు పెద్దకొడుక్కి చెందాలన్నారు. రామ్మూర్తి దాని మీద చెయ్యి వేశాడు. తర్వాత మేళగాళ్ళను ఎవరి వెంట ఉంటారని అడిగితే క్లారినెట్టు వాయించే ముసలాయన లేచి వెళ్ళి సూరి వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. చివరికి రామ్మూర్తి దగ్గర డోలు మిగిలింది, సూరి దగ్గర మనుషులు మిగిలారు. పెద్దాడు కొత్త మనుషుల్ని కుదుర్చుకున్నాడు, చిన్నాడు కొత్త డోలు చేయించుకున్నాడు. తండ్రి మేళం పేరు పూర్తిగా వదులుకోలేక కృష్ణకు ముందు 'బాల' అని చేర్చుకున్నాడు.

డోలు ఎవరి దగ్గరుంటే ఏమిటని మీకు అనిపించవచ్చు. మా వాళ్ళలో మేళాన్ని మాట్లాడుకోవడమంటే మనిషితో మాట్లాడుకోవడం కాదు. పెళ్ళివారు డోలును పీట మీద పెట్టించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం దాని మీద ఉంచాలి. చావుకైతే పసుపూ బొట్టూ ఉండవు, ఒక తెల్ల తుండుగుడ్డ డోలు మీద వేస్తారు. వేశాక ఇక తియ్యకూడదు. మేస్త్రి మాట మార్చవచ్చు, బాకా వాడు తాగి పడిపోవచ్చు, డోలు మాత్రం మాట తప్పదని మా పెద్దల నమ్మకం. అందుకని అన్నదమ్ములు విడిపోయాక కూడా మా వీధి వాళ్ళు ఆ పాత డోలునే వెతుక్కుంటూ పోయేవాళ్ళు. తాతకు వాయించిన డోలు, నాన్న పెళ్ళికి వాయించిన డోలు. దాన్ని ఇప్పుడు కొడుతున్న చెయ్యి ఎవరిదని అడిగినవాళ్ళు లేరు.

అడిగింది మా మామ్మ ఒక్కతే. నాన్న తల్లి. నాకు ఊహ తెలిసేసరికే ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మేసి, వెలుగూ చీకటీ తప్ప తెలిసేది కాదు. పొద్దున్న గంజి తాగి అరుగు మీద కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నానికే లేచేది. వేళ్ళు ఊరికే ఉండేవి కావు. చింతపండు పిక్కలు తీసేది, వత్తులు చేసేది, ఏమీ లేకపోతే నా జడ విప్పి మళ్ళీ అల్లేది. కొట్టుకు వచ్చిన బెల్లం దిమ్మను వాసన చూసి అది చికిటి బెల్లమో కాదో చెప్పేది. తన పుట్టిల్లు చికిటి కాబట్టి, మంచి బెల్లమంతా అక్కడిదేనని ఆమె లెక్క.

ఊరేగింపు వచ్చినప్పుడు మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, ఆడపిల్లల బడిలో మూడో తరగతి, అక్షరం కనిపిస్తే చదవకుండా ఊరుకునేదాన్ని కాదు. మేళం ఇంకా వీధి మొదట్లో ఉండగానే మామ్మ అది ఎవరిదో చెప్పాలి. దగ్గరికి వచ్చాక నేను డోలు మీద పేరు చదివి అవునో కాదో చెప్పాలి. ఆమె ఒక్కసారీ తప్పలేదు. నాకు ఉక్రోషం వచ్చి ఒకటి రెండుసార్లు అబద్ధం చెప్పి చూశాను. "మల్లీ సదువు," అనేది అంతే, నవ్వేది కూడా కాదు.

ఎలా తెలుస్తుందని అడిగితే నా అరచెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, వేలితో డోలు దెబ్బలు వేసి చూపించింది. మా వీధి మొదట్లోనే గానుగ మూల ఉంది. అక్కడ వీధి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది, మలుపులో కాలవ మీద ఏటవాలుగా ఒక రాతిబండ. పల్లకీ మోసే బోయీలు అక్కడే భుజం మార్చుకోవాలి. సూరి మేళం ఆ మూలకు చేరగానే డోలు ఒక దెబ్బ వదిలేస్తుంది. ఒక్కటే. ఆ ఖాళీలో నలుగురూ కలిసి భుజం మార్చుకుని, మళ్ళీ దెబ్బ పడగానే కలిసి అడుగేస్తారు. రామ్మూర్తి మేళం మూల వచ్చినా ముల్లు దిగినా ఒకేలా బాదుకుంటూ పోతుంది.

"ఇదిగో, ఇక్కడ ఒగ్గేసినాడు, ఇన్నావా?" అని ఆమె వేలు గాలిలో ఆగేది.

నాకు మొదట్లో వినిపించేది కాదు. ఒక వేసవి గడిచాక వినిపించింది. ఆ తర్వాత వినకుండా ఉండడం చేతకాలేదు. డోలు మీద పేరు చదవనక్కరలేకుండానే నేనూ చెప్పేసేదాన్ని. ఇంట్లో ఇంకెవరికీ ఆ తేడా తెలియదు. నాన్నకైతే మేళమంటే చప్పుడు, ఎక్కువుంటే మంచిది, తక్కువుంటే చెడ్డది.

మామ్మకు ఆ ఒక్క దెబ్బ మీద అంత పట్టు ఎందుకో ఒక మధ్యాహ్నం పనస తొనలు తింటూ చెప్పింది. ఎనిమిదేళ్ళప్పుడు పెళ్ళయి పల్లకీలో చికిటి నుంచి వచ్చిందట. అప్పటికి ఎర్రకోట్ల బ్యాండు లేదు, సన్నాయీ డోలూ మాత్రమే. అప్పలస్వామి తండ్రి డోలు కొట్టాడు. దారి పొడుగునా కుదుపులకు కడుపులో తిప్పి రెండుసార్లు కక్కుకుంది. అమ్మ దగ్గరికి పోతానని ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఊరి పొలిమేరలో మేళం ఎదురొచ్చి ముందు నడిచాక పల్లకీ కుదపలేదు. గానుగ మూల తిరిగినప్పుడు కూడా తెలియలేదు. అత్తవారింటి ముందు దించేసరికి నిద్రపోతూ ఉందట.

"ఆ డోలోడికి నా ముకం తెల్దు, నాకు ఆడి ముకం తెల్దు. నేనున్నానని ఆడికి గేపకం ఉంది, అంతే," అంది. జ్ఞాపకాన్ని మామ్మ అలాగే అనేది. తొన పక్కన పెట్టింది. "ఒలే పాపా, నేను పోయిననాడు సిన్నోడి మేలమే పెట్టించాలి. నన్ను కుదపకుండా తీసికెల్తాడు. మనోల్లు తక్కెడ పట్టినోల్లు గాని బుజం మీద బరువు మోసినోల్లు కారు. దెబ్బ ఒగ్గకపోతే ఆ బండ మీద నన్ను పడేస్తారు."

"నాన్నకి నువ్వే సెప్పు మామ్మా."

"అప్పలసామి మేలం పెట్టరా అని సెప్పినాను. అంతకన్నా సెప్తే సావు మాటలేటని కసుర్తాడు. రొండిట్లో ఏది ఏదో ఆడికి తెల్దు. నీకు తెల్సు. అప్పుడు నువ్వు సెప్పు."

సరేనన్నాను. పనస తొన తింటూ అన్న సరే. అయినా అర్థం కాలేదని చెప్పను. బాగానే అర్థమయింది.

మరుసటి ఏడు ఫాల్గుణంలో మామ్మ మంచం పట్టింది. ఏ జబ్బూ చెప్పుకోలేదు, గంజి మానేసింది, మాట మానేసింది. అయిదో రోజు తెల్లవారేసరికి పోయింది. ముందురోజు సాయంత్రం నుంచీ ఇల్లంతా ఆమె మంచం చుట్టూనే ఉండడంతో నాకు అన్నం పెట్టాలని ఎవరికీ తోచలేదు, అలాగే పడుకున్నాను. లేచేసరికి అంతా అయిపోయింది. శవం లేచేదాకా పొయ్యి వెలిగించకూడదు. చికిటి నుంచి మామ్మ మేనల్లుళ్ళు, నాకు మామయ్యల వరసవాళ్ళు, రావాలి, వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అమ్మ ఏడ్చింది, అత్తలు ఏడ్చారు, వీధిలో వాళ్ళు వచ్చి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. మామ్మ కాళ్ళ దగ్గర కూర్చోబెడితే కూర్చున్నాను. గూట్లో బెల్లం దిమ్మ ఉంది. దాని వైపు చూస్తే ఎవరైనా చూస్తారేమోనని చూడకుండా కూర్చున్నాను.

పండు ముసలి, మునిమనవల్ని చూసి పోయిన మనిషి కాబట్టి మేళంతో పంపాలన్నారు. నాన్న కబురు పెట్టించాడు. ఎవరు వెళ్ళారో తెలియదు గాని, వీధి అలవాటు ప్రకారం పాత డోలు దగ్గరికే వెళ్ళారు. రామ్మూర్తి మనుషులు ఎర్రకోట్లు వేసుకుని వచ్చి, డోలును మా గుమ్మం ముందు పీట మీద పెట్టారు. నాన్న తెల్ల తుండుగుడ్డ రెండు చేతులతో పట్టుకుని డోలు దగ్గరికి వచ్చి, అక్కడ ఆగిపోయాడు. ఏం గుర్తొచ్చిందో వెనక్కి తిరిగి నన్ను పిలిచాడు. మామ్మకూ నాకూ మేళాల ఆట ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

"పాపా, మామ్మ కోరిన మేలం ఇదేనేటి?"

నాన్న అంత మెత్తగా నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. రామ్మూర్తి నా వైపు చూస్తున్నాడు. చికిటి మామయ్యలు చూస్తున్నారు. కాదంటే చాలు, సూరి ఇల్లు రెండు వీధుల అవతలే, ఆ రోజు అతను ఊళ్ళోనే ఉన్నాడు. పిలవడానికి ఒకరు వెళ్ళాలి, అతని మనుషులు పోగవ్వాలి, కోట్లు తొడుక్కోవాలి, రావాలి. అంతసేపూ పొయ్యి వెలగదు. ఇదంతా నేను అప్పుడే ఆలోచించాను, ఇప్పుడు కల్పించి చెబుతున్నది కాదు. తొమ్మిదేళ్ళు దాటిన కోమటి పిల్లకు ఆమాత్రం లెక్క వస్తుంది.

తల ఊపాను.

నాన్న తుండుగుడ్డ డోలు మీద వేశాడు.

ఆడవాళ్ళం అరుగు దిగకూడదు కాబట్టి అరుగు మీద నిలబడి చూశాం. నాన్న, బాబాయి, ఇద్దరు మామయ్యలు పాడె ఎత్తారు. మేళం గట్టిగానే వాయించింది, నాన్నకు నచ్చినంత గట్టిగా. బియ్యం, పేలాలు చల్లుకుంటూ వెళ్ళారు. గానుగ మూల మా అరుగు మీదికి కనిపిస్తుంది. డోలు ఆగలేదు. మామయ్య ముందు భుజం మార్చాడు, బాబాయి తర్వాత మార్చాడు, నాన్న కాలు బండ మీద జారింది. పాడె ఒక మూల కిందికి వాలి, మామ్మ తల పక్కకి ఒరిగింది, మీద కప్పిన పూలన్నీ కాలవలో పడ్డాయి. అక్కడ గుమిగూడిన వాళ్ళలో సూరి కూడా ఉన్నాడు, మామూలు పంచెతో. గభాల్న రెండు అడుగులు ముందుకు వేసి, తను ముట్టుకోకూడదని గుర్తొచ్చి, చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. వాళ్ళే ఎలాగో సర్దుకుని ఎత్తుకున్నారు. మలుపు తిరిగారు. ఆ తర్వాత చప్పుడే గాని ఏమీ కనిపించలేదు.

అమ్మ "అయ్యో అత్తా" అంది. నాకేమీ అనిపించలేదు. స్నానాలయ్యాక రెండిళ్ళ అవతలి పిన్ని తపేలాలతో అన్నం, చింతచిగురు పప్పు పట్టుకొచ్చింది. ఆకలి రుచి ఎరుగదంటారు, అది వట్టి మాట. ఆ పప్పులో మెంతులు కొంచెం మాడాయని, చిగురు లేతదని, నెయ్యి ఆ పూట కాచినదని నాకు ఈనాటికీ తెలుసు. మూడుసార్లు పెట్టించుకున్నాను. పిన్ని నా తల నిమిరి, "పాపం, ఏడిసి ఏడిసి సోలిపోనాది పిల్ల," అంది. కాదని చెప్పలేదు. అప్పటికి ఒక అబద్ధం ఆడేశాను, రెండోది బరువనిపించలేదు.

నాన్న ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు. తల్లికి చేయలేనివి చాలా ఉన్నాయని బాధపడేవాడు. కళ్ళకు వైద్యం చేయించలేదని, కాశీ తీసుకెళ్ళలేదని. చివర మాత్రం ఒక మాట చెప్పుకుని స్థిమితపడేవాడు. "మా అమ్మ కోరిన మేలం పెట్టి పంపినాను. కావలిస్తే మా పాపని అడుగు," అనేవాడు చుట్టాలతో. వాళ్ళు నా వైపు తిరిగేవాళ్ళు. నేను తల ఊపేదాన్ని. పెళ్ళయ్యాక పండక్కి పుట్టింటికి వచ్చినా, పిల్లల తల్లినయ్యాక వచ్చినా ఆ మాట తప్పేది కాదు, నా తల ఊపడమూ తప్పేది కాదు. ఆయన పోయేముందు రోజు కూడా దగ్గర కూర్చున్నాను. చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే నా బరువు దిగి ఆయన మీద పడుతుంది. అంతకు ముందు ఏమీ బరువు తెలియలేదని ఇందాక అన్నాను. ఆ రోజు తెలిసింది. చెప్పలేదు.

ఈలోగా గంజాం ఒడిశాలో కలిసింది. ఎదురు జాగాలో గిడ్డంగులు లేచాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గానుగ పోయింది, కాలవ పూడ్చి బండ తవ్వేశారు, ఇప్పుడక్కడ మలుపున్నట్టే తెలియదు. బోయీలు లేరు, పల్లకీలు లేవు. రామ్మూర్తి మేళం ఎప్పుడు చెదిరిందో, సూరి పిల్లలు ఏ ఊరు పోయారో, పేరున్న ఆ డోలు ఎవరి అటక మీద ఎలుకల పాలైందో చెప్పేవాళ్ళు లేరు. శవాలు బండి మీద పోతున్నాయి, మెత్తగానే పోతున్నాయి. పెళ్ళిళ్ళకు ఎక్కడి నుంచో బ్యాండు వస్తుంది, వాళ్ళ పేరు నేను చదవను. ఊరేగింపు వీధిలోంచి పోతుంటే మనవలు కిటికీ దగ్గరికి పరిగెడతారు. నేను లోపలే కూర్చుని వింటాను. డోలు ఎక్కడా ఒక దెబ్బ వదలదు.

ఆ రెండు మేళాలకు తేడా చెప్పగలిగినది నేనొక్కదాన్నే మిగిలాను. ఆ తేడా కావాలని నన్ను నా జన్మలో ఒక్కరే, ఒక్కసారే అడిగారు. అప్పుడు నాకు ఆకలిగా ఉంది.